బోర్డు మీద ఖాళీ చోటు

పద్నాలుగో భాగం

జరిగింది ముందు చెప్పేస్తాను. నాకొక తోడికోడలు ఉంది. నాకంటే పెద్దది, అక్కా అని పిలిచేదాన్ని. ఇద్దరం ఒకే బట్టల ఫ్యాక్టరీలో, ఒకే లైనులో, పక్కపక్క మెషీన్ల మీద కుట్టేవాళ్ళం. యూనియన్‌కి పాటలు నేను రాసేదాన్ని, తను పాడేది. ఒక డిస్కు మీద గొడవపడి విడిపోయాం. పంతొమ్మిదేళ్ళుగా మాటల్లేవు. కిందటి వారం ఆమె కూతురు మా ఇంటికొచ్చి, అమ్మ పాత పాటలు డిస్కులో కాదు, నీ కంప్యూటర్‌లో వినాలని ఉంది పిన్నీ అంది. ఈ పిల్లకి ఇప్పుడు ఇరవై రెండేళ్ళు. రెండేళ్ళప్పుడే నోరు ఆగేది కాదు కాబట్టి నేనే గిలక్కాయ అని పేరు పెట్టాను. వెనకగదిలో దుప్పటి కప్పి ఉంచిన నా పాత కంప్యూటర్ ఆన్ చేసి పాట పెట్టాను. గిలక్కాయ ఒక చరణం విని మొహం చిట్లించి, "ఈ గొంతు ఎవరిది పిన్నీ?" అంది. నేను నోరు తెరిచేలోపు డబ్బాలోంచి ఠప్పుమని చప్పుడొచ్చింది. కాలిన వాసన. స్క్రీన్ నల్లబడిపోయింది.

సొంత తల్లి గొంతు పోల్చుకోలేని కూతురు! అదీ కాల్ సెంటర్‌లో రోజంతా ఫోన్లు విని, ఎవరు ఎలా మాట్లాడారో మార్కులు వేసే ఉద్యోగం చేసే పిల్ల! నాకు ఒళ్ళు మండింది. వారం రోజులు మండుతూనే ఉంది. ఆ మంటతోనే పాత డబ్బాని చీరలో మూటగట్టి, పిల్లని వెంటేసుకుని, కంప్యూటర్లు బాగుచేసే పొగన్న కొట్టుకి పోయాను.

పొగన్న అసలు పేరు ఎవరికీ అక్కర్లేదు. కొట్లో ఎప్పుడు చూసినా సోల్డరు పొగలో కూర్చుని ఉంటాడు. గుమ్మం దాటగానే గోడనిండా ఫ్యాన్లు, తీగలు, అటక మీద విప్పిన డబ్బాలు. బల్ల మీద చిన్న భూతద్దం దీపం. మూట విప్పి పాత బోర్డు బయటికి తీయగానే ఆయన దీపం దగ్గరికి లాక్కున్నాడు.

"ఇదిగో, చూడు చెల్లెమ్మా. కెపాసిటర్ల నెత్తులు ఎలా ఉబ్బాయో. ఒకటి పగిలేపోయింది. ఇన్నేళ్ళు ఎలా బతికిందిది?"

"బాగా చూసుకున్నాను కాబట్టి బతికింది. కొత్త బోర్డు చూపించు. ప్రాసెసర్ స్పీడు పెంచుకోనిచ్చే బోర్డే కావాలి. తాళం వేసి పంపే బోర్డులు నాకొద్దు."

"ఈ వయసులో కూడా ఓవర్‌క్లాకింగేనా?"

"ఏం, వయసు నాకొచ్చింది గానీ బోర్డుకి రాలేదుగా."

గిలక్కాయ స్టూలు మీద కూర్చుని కాళ్ళూపుతూ అంది: "ఒక డౌటు పిన్నీ. ఫ్యాక్టరీలో లైను స్పీడు పెంచారనేగా మీరంతా గేటు ముందు తొమ్మిది రోజులు కూర్చుంది? మరి ఇంట్లో దీని స్పీడు పెంచావేంటి? దీనికి యూనియన్ లేదనా?"

పొగన్న పగలబడి నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది, కానీ చూపించలేదు.

"అది రేకు, మనం మనుషులం. నోరు మూసుకుని కూర్చో."

ఆ పిల్లకి ఏం తెలుసు. ఆ రోజుల్లో నా చేతికొచ్చింది ఎవరో ఆఫీసువాళ్ళు వదిలించుకున్న కంప్యూటర్. ఏడువందల మెగాహెర్ట్జ్. పాట రికార్డు చేస్తూ గొంతుకి కాస్త గూడు కట్టినట్టు ప్రతిధ్వని కలపబోతే ఎక్కిళ్ళు పెట్టేది. కొత్తది కొనే తాహతు లేదు. చదువు చెప్పేవాడు లేడు. పాత పత్రికల్లో బొమ్మలు చూసి, డబ్బా విప్పి, పిన్నులు మార్చి, ఏడువందల్ని ఏడువందల నలభై రెండు చేశాను. ఎక్కిళ్ళు ఆగిపోయాయి. కంపెనీవాడు గీసిన గీతని ఒక దర్జీది దాటేసింది! ఆ పొద్దున నేను గదిలో గెంతితే అక్క కూడా నాతో గెంతింది. చంకలో గిలక్కాయ.

స్టూడియో అంటే ఏమనుకున్నారు? పదడుగుల గది. ఫ్యాక్టరీలో మిగిలిన గుడ్డపీలికలు గోనెసంచుల్లో కూరి గోడలకి నిలబెట్టేవాళ్ళం, చప్పుడు తిరిగి కొట్టకుండా. బట్టలారేసే తీగకి మైకు వేలాడదీసేవాళ్ళం. డబ్బా రొద మైకులో పడుతుందని దాన్ని పక్క గదిలో పెట్టి కిటికీలోంచి తీగలు లాగేదాన్ని. వారానికోసారి సెలవు వస్తే ఆ పొద్దున తలుపులన్నీ మూసి, సీలింగు ఫ్యాను కట్టేసి, చెమటలు కారుతుంటే పాడేది అక్క. ఒక కాలు ఎప్పుడూ ఆడుతూ ఉండేది, పెడల్ మీద ఉన్నట్టు. గిలక్కాయ గుడ్డపీలికల సంచి మీద నిద్రపోయేది. మధ్యలో లేచి ఏడిస్తే ఆ టేకు పోయినట్టే. మళ్ళీ మొదటినుంచి. విసుక్కున్నట్టు గుర్తులేదు. అంత సుఖంగా నేను మళ్ళీ ఎప్పుడూ లేను. ఒప్పుకోవడానికి నాకేం సిగ్గులేదు.

పొగన్న మూడు బోర్డులు బల్ల మీద పరిచాడు.

మొదటిది ఆన్ చేస్తే ఏడు రంగుల్లో వెలిగింది. "ఇది ఆటలాడే కుర్రాళ్ళకి. షోకు."

"తీసెయ్."

రెండోది సన్నగా, చవగ్గా కనిపించింది. "ఇది పేరుకే. స్పీడు పెంచడానికి ఒప్పుకోదు. నువ్వన్నావే, తాళం వేసింది, అదే."

"తీసెయ్యన్నా, చూపించడం దేనికి?"

మూడోది నల్లగా, ఏ ఆర్భాటమూ లేకుండా ఉంది. ప్రాసెసర్ కూర్చునే చోటు పక్కన మందపాటి అల్యూమినియం దిమ్మెలు రెండు.

"ఇది తీసుకో. రికార్డింగుకి స్పీడొక్కటే చాలదు చెల్లెమ్మా. స్పీడు పెంచితే ప్రాసెసర్ కరెంటు ఎక్కువ తాగుతుంది. ఆ కరెంటు అందించే భాగం ఈ దిమ్మెల కింద ఉంది. ఇది గట్టిగా ఉంటే వేడెక్కదు. వేడెక్కకపోతే ఫ్యాను మెల్లగా తిరుగుతుంది. మైకులో రొద పడదు. ఇంకోటి, దీన్లో మల్టిప్లయర్ పెంచుకోవచ్చు. అసలు గడియారం జోలికి పోనక్కర్లేదు."

"గడియారమా?" అంది గిలక్కాయ.

"ప్రతి బోర్డులోనూ ఒకటుంటుందమ్మా. టిక్కు టిక్కుమని తాళం కొడుతుంది. ఆ తాళానికే అందరూ అడుగులేస్తారు. ఒక్కో దెబ్బకి ప్రాసెసర్ ఎన్ని అడుగులెయ్యాలో చెప్పేది మల్టిప్లయర్. అది పెంచితే ప్రాసెసర్ ఒక్కటే పరిగెడుతుంది. గడియారాన్నే పెంచావనుకో, ఇంటిల్లిపాదీ పరిగెత్తాల్సిందే, ఇష్టమున్నా లేకపోయినా." నా వైపు తిరిగాడు. "పాతదాన్లో ఏది పెంచావు?"

"దాన్లో మల్టిప్లయర్‌కి కంపెనీవాడు తాళం వేసేశాడు. గడియారాన్నే పెంచాను. నూరు ఉంటే నూట ఆరు చేశాను."

"సౌండు కార్డు విడిగా పెట్టావా?"

"ఎక్కడి కార్డు? బోర్డు మీదున్నదే."

పొగన్న మళ్ళీ పాత బోర్డుని భూతద్దం కిందికి లాగాడు. దుమ్ము ఊదాడు. ఒక మూల బ్రష్షుతో తోమాడు.

"ఏంటన్నా?"

"ఇక్కడ చూడు."

చూశాను. సౌండు చిప్పు పక్కన రెండు చిన్న రంధ్రాలు, చుట్టూ తెల్లగీత గీసిన పెట్టె. ఆ పెట్టెలో ఏమీ లేదు.

"ఇక్కడ వేలి గోరంత రేకు డబ్బీ ఉండాలి. క్రిస్టల్. సౌండుకి సొంత గడియారం. వీళ్ళు పెట్టలేదు. చోటు వదిలేసి, పెద్ద గడియారం నుంచే లాగేశారు. ఒక్కో బోర్డుకి కాస్త మిగులుతుందని."

"అయితే?"

"అయితే నువ్వు నూట ఆరు చేసినప్పుడు సౌండు కూడా నూట ఆరు అయిపోయింది. ఆ డబ్బాలో రికార్డు చేసి ఆ డబ్బాలోనే వింటే తేడా తెలీదు, వెళ్ళింది ఎంత స్పీడులో వెళ్ళిందో వచ్చేది కూడా అంతే. అదే పాటని వేరే మెషీన్లో వింటే మాత్రం నూటికి ఆరు వంతులు మెల్లగా వస్తుంది. గొంతు దిగిపోతుంది."

బల్ల పట్టుకున్నాను.

డిస్కు గొడవ ఇదే. సరిగ్గా ఇదే. అప్పట్లో పన్నెండు పాటలు రికార్డు చేసి డిస్కులకి ఎక్కించి ఫ్యాక్టరీ ఫ్యాక్టరీకీ పంచాం. అక్క ఒకటి ఇంటికి తీసుకెళ్ళింది. మర్నాడు షిఫ్టుకి ముందే నా మెషీన్ దగ్గర నిలబడింది. "నా గొంతుకి ఏం చేశావ్? ఐదు శ్రుతిలో పాడాను నేను. ఇందులో అర శ్రుతి దిగి నాలుగున్నరలో ఉంది. ఇది నా గొంతు కాదు" అంది. అదే డిస్కు పట్టుకుని, యూనియన్ వాళ్ళు పది మందిని వెంటబెట్టుకుని మా గదికి తీసుకొచ్చాను. నా కంప్యూటర్లో పెట్టాను. ఐదు శ్రుతి. నిప్పులా ఐదు శ్రుతి. "ఏదీ, ఎక్కడుంది నీ నాలుగున్నర?" అన్నాను అందరి ముందూ. "కాళ్ళు నేలమీద పెట్టు. నాలుగు చప్పట్లకే నీ గొంతు నీకే ఆనని దానివైపోయావా?" అన్నాను. ఇంకా అన్నాను. ఇక్కడ రాయను.

ఆమె ఏడవలేదు. "ఒక్కసారి మా ఇంటికి రా. మా ప్లేయర్‌లో విను. అంతే" అంది. రెండు వీధుల దూరం. నేను వెళ్ళలేదు. నా చెవి మీద నాకు అంత నమ్మకం. నా చేత్తో పెంచిన మెషీన్ మీద ఇంకా ఎక్కువ. మేనేజరు మాట వినడని, పై నుంచి కింది దాకా ఒక్కడూ కార్మికురాలి మాట చెవిన పెట్టడని గేటు మీదెక్కి అరిచిన దాన్ని, పక్క మెషీన్ మనిషి చెప్పింది వినలేదు.

"నీ ఫోన్లో ఉందా ఆ పాట?" అన్నాను గిలక్కాయతో.

ఉంది. డిస్కు నుంచి ఎక్కించుకున్నదే. పొగన్న దాన్ని తన కంప్యూటర్లో వేశాడు.

*నిమిషానికి ఎన్ని కుట్లు నీకు కావాలయ్యా?*
*నా వేలికి ఎన్ని కళ్ళు నువ్వు పెడతావయ్యా?*

బరువైన గొంతు. నలభై దాటిన మనిషి గొంతులా ఉంది. అప్పటికి అక్కకి ఇరవై తొమ్మిది.

"ఇదే మా అమ్మ" అంది గిలక్కాయ. "ఇంట్లో కూనిరాగం తీసినా ఇలాగే ఉంటుంది. నీ దగ్గర విన్నది ఎవరో వేరే ఆవిడ."

"నూటికి ఆరు పెంచన్నా."

పొగన్న ఏదో నొక్కాడు. పాట మళ్ళీ మొదలైంది. నాలుగు నిమిషాల ఇరవై అయిదు సెకన్ల పాట నాలుగు నిమిషాల పది అయింది. ఆ గదిలోకి అక్క వచ్చింది. చెమటతో, ఆడే కాలితో, ఇరవై తొమ్మిదేళ్ళ మనిషి. చరణం చివర గొంతు ఎగరేసి నవ్వినట్టు వదిలేది, ఆ నవ్వు కూడా వచ్చింది. గిలక్కాయ కాళ్ళూపడం మానేసింది.

"ఈ బోర్డు పక్కన పెట్టన్నా" అన్నాను నల్లదాన్ని చూపించి. "సౌండుకి సొంత క్రిస్టల్ ఉన్న పెట్టె కూడా విడిగా తీసిపెట్టు. ఈ పిల్ల వచ్చి పట్టుకెళ్తుంది."

"ఇప్పుడే బిగించేస్తాను, కూర్చో."

"కూర్చునే పని కాదు."

దారిలో గిలక్కాయ అడిగింది. "ఏం చెప్తావు పిన్నీ?"

"జరిగింది చెప్తాను."

"అమ్మ తిడుతుంది."

"తిట్టనీ. తిట్టకపోతేనే భయం."

సాయంత్రం ఎండ ఇంకా ఉంది. అక్క ఇంటి ముందుగదిలో మెషీన్ తిరుగుతోంది. ఊరి బడిపిల్లల యూనిఫాంలు కుడుతుంది ఇప్పుడు. కిటికీ పక్కన కుట్టిన చొక్కాల గుట్ట, ఇటు కత్తిరించిన కాలర్లు. జుట్టు సగం తెల్లబడింది. కళ్ళజోడు ముక్కు మీదికి జారింది. నన్ను చూసింది. పెడల్ ఆపలేదు.

"ఎవరే వచ్చింది?" అంది కూతుర్ని, నన్ను చూస్తూనే.

"నేనక్కా."

"నేనంటే?"

"నీది కాని గొంతుని నీదేనన్నదాన్ని."

మెషీన్ ఒక కాలరు పూర్తిచేసింది. ఆమె దారం కొరికింది. "కూర్చో అనను. కూర్చుంటే కూర్చో."

నిలబడే చెప్పాను. నూరు, నూట ఆరు, లేని క్రిస్టల్, బోర్డు మీద ఖాళీ చోటు, అన్నీ. అందంగా చెప్పడం నాకు రాదు. "నువ్వు చెప్పింది నిజం. నేను చెప్పింది అబద్ధం. పది మంది ముందు అన్నాను కాబట్టి ఆ పది మందినీ వెతికి వాళ్ళ ముందే ఈ మాట మళ్ళీ అంటాను. ఇద్దరు పోయారు. మిగిలిన ఎనిమిది మంది ముందు అంటాను."

అక్క కళ్ళజోడు తీసి పమిట కొంగుతో తుడుచుకుంది. కోపంగా లేదు. ఉంటే బాగుండేది.

"నీతో విడిపోయాక నేను పాడటం మానేశాననుకున్నావా?"

"మానేశావనే చెప్పారు."

"మానలేదు. ఆ డిస్కు విన్నవాళ్ళు అక్కడా ఇక్కడా గేట్ల దగ్గర పాడమని పిలిచేవాళ్ళు. వెళ్ళేదాన్ని. పాడితే ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకునేవాళ్ళు. డిస్కులో ఎంత గంభీరంగా ఉంది, ఇదేంటమ్మా పిల్లగొంతులా ఉంది అనేవాళ్ళు. ఒకడైతే నువ్వు ఆవిడ చెల్లెలివా అని అడిగాడు." నవ్వింది, గాలి తప్ప శబ్దం లేని నవ్వు. "అందరూ అదే నా గొంతంటుంటే, నువ్వు కూడా అదే నీ గొంతంటే, నేనొక్కదాన్నే కాదని ఎన్నాళ్ళు అనుకోను? దించుకున్నాను. నాలుగున్నరకి. రెండేళ్ళు పట్టింది. రోజూ ఆ డిస్కు పెట్టుకుని, దాని మీద పడి, అదెలా పలికితే అలా పలికాను. గొంతు బొంగురుపోయేది, నెత్తురు రుచి తగిలేది. చివరికి కుదిరింది. ఇప్పుడు నేను మాట్లాడేది కూడా ఆ గొంతుతోనే. నా కూతురికి తెలిసిన గొంతు అదొక్కటే."

గిలక్కాయ గోడకి ఆనుకుని జారి నేలమీద కూర్చుంది. "అమ్మా, నాకెప్పుడూ చెప్పలేదేం?"

"ఏం చెప్పమంటావే? నాది పోయి ఇంకెవరిదో వచ్చింది, అదే మీ అమ్మ అనుకో అనా?"

సిద్ధం చేసుకున్న క్షమాపణ ఒక డిస్కుకి సరిపోయేది. ఇదొక మనిషి. నా పాటలో రాసింది నిమిషానికి ఎన్ని కుట్లని. నేను ఆమె మీద వేసిన కుట్లు ఎవరు లెక్కపెట్టాలి?

"ఉందా నీ దగ్గర?" అంది అక్క. "పాతది. అసలుది."

గిలక్కాయ ఫోను తీసింది. పొగన్న సరిచేసి ఇచ్చిన పాట పెట్టింది. చిన్న ఫోనులోంచి సన్నగా, పదునుగా ఆ గొంతు బయటికొచ్చింది. అక్క తల వంచుకుని వింది. కుడి చెయ్యి చొక్కాల గుట్ట మీద ఉంది. పల్లవి అయింది. చరణం ఎత్తుకుంది. చివర ఆ నవ్వు వచ్చింది. అక్క చెయ్యి చొక్కా గుడ్డని పిడికిట్లోకి లాక్కుంది. నలిపేసింది. ఇస్త్రీ చేసిన చొక్కా.

"ఆపు" అంది.

ఆపింది పిల్ల.

"శ్రుతిపెట్టె తియ్యి. అల్మరాలో పైన, పాత చీరల కింద ఉంది."

"అమ్మా..."

"తియ్యమన్నానా?"

తీసింది. ప్లగ్గు పెట్టింది. బటన్ తిప్పింది. పెట్టె నాలుగున్నరలో మోగింది, అలవాటు కొద్దీ.

"ఐదు."

"వద్దమ్మా. ఇన్నేళ్ళ తర్వాత ఆ ఎత్తుకి వెళ్తే గొంతు పగులుతుంది. ఉన్నది కూడా పోతుంది. మెల్లగా, కొన్నాళ్ళు సాధన చేసి..."

"ఉన్నది నాది కాదే. పోతే పోనీ." నా వైపు చూసింది, పంతొమ్మిదేళ్ళ తర్వాత మొదటిసారి సూటిగా. "నువ్వెళ్ళకు. అప్పుడు వినలేదుగా. ఇప్పుడు ఇక్కడే నిలబడి విను."

గిలక్కాయ బటన్ ఇంకొక్క మెట్టు తిప్పింది. గది ఐదు శ్రుతిలో నిండిపోయింది. అక్క మెషీన్ ముందు నుంచి లేచింది. నిటారుగా నిలబడింది. ఊపిరి తీసుకుంది, మెడ నరాలు పైకి తేలేంత. నేను చెవులొగ్గి, నా గుండె చప్పుడు ఆ శ్రుతికి అడ్డం రాకూడదని బతిమాలుకుంటూ నిలబడ్డాను.

నోరు తెరిచింది.